మలుపుల రోడ్డు కావాలి, మలుపంటేనే భయం

కడప నుంచి ఇరవయ్యారేళ్ల యువకుడొకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఆఫీసూ బయటపెట్టొద్దన్నారు. పద్నాలుగు నెలల కిందట వాయిదాల మీద యమహా ఆర్15 స్పోర్ట్ బండి కొన్నారు, ఇంకా ఇరవై రెండు కంతులు కట్టాలి. ప్రతి ఆదివారం ఐదారుగురు స్నేహితులతో గువ్వలచెరువు ఘాట్ ఎక్కడం, పాలకోవా తినడం, దిగి రావడం. ఎనిమిది నెలలుగా అదే రోడ్డు కావడంతో విసుగొచ్చిందట. "కడప, అనంతపురం, కర్నూలు వైపు ఇంతకంటే మంచి మలుపులున్న రోడ్లు ఎక్కడున్నాయో వరసగా చెప్పండి" అన్నది మొదటి పేజీ.

రెండో పేజీలో సంగతి వేరు. ఆయన వెనక టైరుకు రెండు అంచుల్లోనూ వేలెడు వెడల్పున రబ్బరు ఇంకా కొత్తగానే ఉంది. బండిని బాగా వాల్చి తిప్పనివాడి టైరు అలాగే ఉంటుంది. స్నేహితులు దాన్ని "చికెన్ స్ట్రిప్స్", అంటే పిరికివాడి పట్టీలు అని ఆటపట్టిస్తారు. "నిజం చెప్పాలంటే నాకు మలుపంటే భయం. సగం తిరిగేసరికి చేతులు బిగుసుకుపోతాయి. తెలియకుండానే ముందు బ్రేకు పడుతుంది. బండి లేచి నిలబడి రోడ్డు మధ్యకు పోతుంది. ఈ మాట ఎవరితోనూ అనలేదు" అని రాశారు. పోయిన నెల ఆ గుంపులోనే ఒకతను కుడి మలుపులో ఎదురుగా లారీని చూసి కంగారుపడి, మార్జిన్ దిగి కాలువలో పడ్డాడు. కాలర్ బోన్ విరిగింది. అప్పటి నుంచి ఇంట్లో గొడవ. తండ్రి ఆర్టీసీ డ్రైవరుగా రాయచోటి, మదనపల్లె రూట్లలో ఇరవై ఏళ్లకు పైగా బస్సు నడిపి రిటైరయ్యారు. "బండి అమ్మి స్కూటీ కొనుక్కో, అంతవరకు నాతో మాట్లాడొద్దు" అన్నారట. మూడు వారాలుగా తండ్రీ కొడుకులకు మాటల్లేవు. చివర్లో చిన్న ప్రశ్న: వెనక 140 మిల్లీమీటర్ల వెడల్పు టైరు తీసి 150 వేయిస్తే మలుపుల్లో పట్టు పెరుగుతుందా?

మీ ఉత్తరంలో రోడ్డు, భయం, స్నేహితులు, నాయన అని నాలుగు ముడులున్నాయి. మీరు రోడ్డు ముడినే విప్పమన్నారు. కానీ రెండో పేజీ చదివాక మొదటి పేజీకి పేర్ల జాబితా ఇచ్చి ఊరుకోవడం కుదరదు. అందుకే ముందు భయం సంగతి.

మీకు పట్టుకున్నది పిరికితనం కాదు. మలుపులోకి వెళ్లేటప్పటి వేగం ఎక్కువైందని మీ కళ్లకు ముందే తెలుస్తోంది, చేతులకు ఆలస్యంగా తెలుస్తోంది. బండి వాలి ఉన్నప్పుడు ముందు బ్రేకు గట్టిగా పట్టుకుంటే హ్యాండిల్ తనంతట తాను లోపలికి తిరగబోతుంది, ఆ ఊపుకు బండి లేచి నిలబడుతుంది. నిలబడిన బండి తిన్నగా పోతుంది. ఎడమ మలుపులో తిన్నగా పోవడమంటే ఎదురు లారీ వైపు పోవడం. కుడి మలుపులో అయితే మార్జిన్, కాలువ. మీ స్నేహితుడికి జరిగింది బహుశా ఇదే. లారీ తగల్లేదు, కంగారులో అతని చూపు మలుపు చివర నుంచి తప్పిపోయి ఉంటుంది. మోటార్‌సైకిల్ మీద కళ్లు ఎటు పోతే బండి అటే పోతుంది.

మందు చాలా పాతదే. బ్రేకు, గేరు పనులన్నీ బండి నిటారుగా ఉండగానే ముగించాలి. రెండో గేరో మూడో గేరో వేసుకుని, ఇంజను కాస్త లాగే స్థితిలో మలుపులోకి దిగాలి. లోపలి వైపు హ్యాండిల్ పిడిని ముందుకు నెట్టాలి. ఎడమకు తిరగాలంటే ఎడమ చెయ్యి ముందుకు. వినడానికి తలకిందులుగా ఉన్నా, ఇరవై కిలోమీటర్ల వేగం దాటాక ఏ బండైనా తిరిగేది ఇలాగే. తిరుగుతున్నంతసేపూ యాక్సిలరేటర్ సన్నగా, ఒకే తీరుగా తెరిచి ఉంచాలి. మోకాళ్లతో ట్యాంకును పట్టుకోండి, మోచేతులు వదులుగా వంచండి. చేతుల మీద బరువు పడితే చేతులు బిగుసుకుంటాయి, బిగుసుకున్న చేతులు హ్యాండిల్‌ను తిరగనివ్వవు. అయినా ఎప్పుడైనా వేగం ఎక్కువై లోపలికి వచ్చేశారే అనుకోండి, చూపు మలుపు చివరకు తిప్పి, లోపలి పిడిని ఇంకాస్త నెట్టండి. వెనక బ్రేకును మెల్లగా తాకించొచ్చు. పొడి రోడ్డు మీద మంచి టైరు మీరనుకునే దానికంటే చాలా ఎక్కువే వాలుతుంది. సాధారణంగా ముందు చేతులెత్తేసేది మనిషే.

ఎంత వాలుతుందో లెక్క చూద్దాం. ముప్పై మీటర్ల వ్యాసార్థమున్న మలుపులో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తే బండి సుమారు 23 డిగ్రీలు వాలాలి. 50కి 33 డిగ్రీలు. 60కి 43, అది రేసు ట్రాక్ మీది కోణం. నలభైకీ అరవైకీ మధ్య స్పీడోమీటర్‌లో పెద్ద తేడా కనిపించదు, టైరుకు మాత్రం రెండు వేరే లోకాలు. టైరు అంచుల దాకా రబ్బరు అరగాలంటే ఘాట్ రోడ్డు మీద ఆ రెండో లోకంలో తిరగాలి. మీ చికెన్ స్ట్రిప్స్‌ను అలాగే ఉండనివ్వండి.

ఇక రోడ్డు. మంచి మలుపుల రోడ్డంటే చాలామంది మలుపులు లెక్కపెడతారు. లెక్కపెట్టాల్సింది మీటర్లు: మలుపులోకి దిగే ముందు మీకు రోడ్డు ఎంత దూరం కనిపిస్తోంది? గంటకు 60లో వెళ్తూ ఆగాలంటే, తేరుకునే ఒక్క సెకనులో 17 మీటర్లు, బ్రేకు పట్టాక ఇంకో 23, మొత్తం 40 మీటర్లు పోతుంది. 80లో 63 మీటర్లు. 40లో 21 చాలు. ఇది పొడి తారు మీద, చక్కటి బ్రేకులతో వేసిన లెక్క. తడి రోడ్డు, ఇసుక ఉంటే వేరు. కనిపించే దూరం ముప్పై మీటర్లే ఉన్న మలుపులో 60 మీద వెళ్లేవాడు ఆ పది మీటర్లకు దేవుడి మీద భారం వేసినట్టే. ఇరుకు రోడ్డు మీద ఎదురు బండి మీ దారిలోకే వస్తుందనుకుంటే ఆ ముప్పై మీటర్లను ఇద్దరూ పంచుకోవాలి, అంటే మీ వాటా పదిహేను.

ఏ మలుపు కనిపిస్తుంది, ఏది కనిపించదు అన్నది కొండ ఆకారం చెబుతుంది. రోడ్డు కొండ ముక్కును చుట్టి వెళ్తే మలుపు లోపలి వైపు బండరాయి ఉంటుంది. అది గుడ్డి మలుపు, ఎంత నున్నటి తారు వేసినా గుడ్డిదే. రోడ్డు లోపలికి వంకలోకి వెళ్లి మళ్లీ బయటికి వస్తే మలుపు లోపలి వైపు లోయ ఉంటుంది. అక్కడ అవతలి గట్టు మీద రోడ్డు, దాని మీద వచ్చే లారీ కూడా ముందే కనిపిస్తాయి. అలాంటి వంక మలుపులే మీకు కావాల్సినవి. ఒక చిక్కుంది. వంక తలదగ్గర కల్వర్టు ఉంటుంది, వాన పడ్డ వారం దాకా దాని మీద ఇసుక, కంకర పేరుకుని ఉంటాయి. కాబట్టి అవతలి గట్టు చూసుకుని మురిసిపోకుండా, కల్వర్టు మీద కూడా ఓ కన్నేయాలి.

మలుపులో ఉన్నప్పుడు చూపు పెట్టాల్సిన చోటు ఒకటుంది. రోడ్డు రెండు అంచులూ దూరంగా కలిసిపోయినట్టు కనిపించే బిందువు. మీరు ముందుకు పోతుంటే అదీ ముందుకు జరుగుతుంటే మలుపు విప్పుకుంటోందని అర్థం, వేగం ఉంచొచ్చు. అది ఉన్నచోటే నిలబడి మీరు దాని దగ్గరికి వెళ్లిపోతుంటే మలుపు బిగుసుకుంటోంది, వెంటనే తగ్గాలి. మొదట తేలిగ్గా కనిపించి చివర్లో బిగుసుకునే మలుపులే మన ఘాట్లలో ఎక్కువమందిని పడేస్తాయి.

ఈ కొలతతో చూస్తే మీ గువ్వలచెరువు ఎలా ఉంది? కర్నూలు నుంచి చిత్తూరు పోయే జాతీయ రహదారి అది. రాత్రీ పగలూ లారీలు. ఎక్కే లోడు లారీ హెయిర్‌పిన్ (దాదాపు వెనక్కి మళ్లే బిగుతు మలుపు) దగ్గర రోడ్డంతా తీసుకుంటుంది. డ్రైవరు పొగరు కాదది, అంత పొడవు బండి మరో రకంగా తిరగదు. దిగే లారీల బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతుంది. మలుపుల్లో కారిన డీజిల్ మరకలు. ఎంత సరదాగా ఉన్నా, స్పోర్ట్ బండి నేర్చుకోవడానికి జిల్లాలో ఇంతకంటే తప్పు చోటు దొరకదని చెప్పాలి. పాలకోవాకు వెళ్లండి, తప్పు లేదు. మామూలు బండి మీద వెళ్లినట్టు వెళ్లి రండి.

రోడ్లు వెతకడం నేర్చుకుంటే జాబితాలు అక్కర్లేదు. పైగా జాబితా ఒక్క వానాకాలానికే పాతబడుతుంది. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు రాజంపేట, నందలూరు వైపు ఏమైందో మీకు గుర్తుండే ఉంటుంది. ముందు సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 మ్యాపులు ఆన్‌లైన్‌లో ఉచితంగా దించుకోండి. వాటిలో ఇరవై మీటర్ల ఎత్తుకొక గీత ఉంటుంది, ఒక్కో గీత వెంట ఎత్తు ఒకటే. గీతలు దగ్గర దగ్గరగా ఉన్నచోట రోడ్డు వాటిని అడ్డంగా కోస్తూ జిగ్‌జాగ్‌గా పోతే అది హెయిర్‌పిన్ల ఘాట్: నిటారు, ఇరుకు, గుడ్డి. రోడ్డు గీతలతో పాటే మెలికలు తిరుగుతూ పోతే అది కొండ చరియ వెంట వెళ్లే రోడ్డు: వాలు తక్కువ, వంక మలుపులు ఎక్కువ. మీరు వెతకాల్సింది రెండోది.

తర్వాత రెండు ఊళ్ల మధ్య తిన్నని గీత దూరం, రోడ్డు దూరం పోల్చండి. పది కిలోమీటర్లకు పదకొండైతే తిన్నని రోడ్డు. పదికి పదమూడు, పద్నాలుగైతే సాగే మలుపులు. పదికి ఇరవై దగ్గరికి పోతే హెయిర్‌పిన్లు. కుర్విగర్, కాలిమోటో లాంటి యాప్‌లు ఈ పనిని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాపు ఆధారంగా వాటంతటవే చేసి వంకర రోడ్లనే కలుపుతూ దారి వేస్తాయి. అయితే వాటికి గేదెలు తెలియవు, తారు లేచిపోయిన సంగతీ తెలియదు. మన పల్లె రోడ్లను అవి అప్పుడప్పుడు మట్టి బాట మీదికి తోలేస్తాయి. ఉపగ్రహ చిత్రంలో దగ్గరగా చూస్తే తారు నల్లగా, మట్టి ఎర్రగా కనిపిస్తాయి. ఇస్రో వారి భువన్ మ్యాపుల్లో కూడా చూసుకోవచ్చు. ఆ దారిలో ఏయే గనులు, ఫ్యాక్టరీలు ఉన్నాయో చూడటం మరిచిపోవద్దు. ఎర్రగుంట్ల వైపు సిమెంటు లారీలు, ముద్దనూరు వైపు థర్మల్ కేంద్రం బూడిద లారీలు, తాడిపత్రి, కొలిమిగుండ్ల, బేతంచెర్ల వైపు నాపరాళ్ల లారీలు తిరుగుతాయి. సన్నని రాతిపొడి తారు మీద పరుచుకుంటే కంటికి నున్నగా కనిపిస్తుంది, టైరుకు పౌడరు చల్లినట్టుంటుంది.

పేర్లు అడిగారు కాబట్టి కొన్ని చెబుతాను. వేంపల్లె నుంచి గండి మీదుగా చక్రాయపేట, రాయచోటి వైపు వెళ్లే రోడ్డు మీకు మొదట సరిపోతుంది. పాపాఘ్ని కొండను చీల్చుకుని వచ్చే చోటది, మలుపులు సాగి ఉంటాయి, పెద్ద లారీల జోరు జాతీయ రహదారి మీదున్నంత ఉండదు. శ్రావణ మాసం శనివారాలు మాత్రం అటు పోవద్దు, గండి ఆంజనేయస్వామి భక్తులతో రోడ్డు నిండిపోతుంది. పులివెందుల నుంచి కదిరి వైపు కొండలు దాటే రోడ్డు దాని తర్వాతి మెట్టు. చీనీ కాయల సీజనులో కాయల లోడు బండ్లు ఎదురవుతాయి.

చిట్వేలి నుంచి రాపూరుకు వెలికొండలు దాటే ఘాట్ అందమైనదే కానీ గుడ్డి మలుపులు ఎక్కువ, అడవి దగ్గరగా ఉంటుంది, ఫోను సిగ్నల్ నమ్మలేం. ఆరు నెలలు తిరిగాక వెళ్లండి. ఒంటరిగా మాత్రం వద్దు. నంద్యాల నుంచి గిద్దలూరుకు నల్లమల గుండా వెళ్లే రోడ్డు కూడా అంతే, బస్సులూ లారీలూ ఉంటాయి, కోతులు గుంపుగా రోడ్డు మీద కూర్చుంటాయి. ఆత్మకూరు నుంచి దోర్నాల రోడ్డు పేరు ఎవరైనా చెబితే వద్దనండి. అది పులుల అభయారణ్యం. రాత్రిళ్లు గేట్లు వేసేస్తారు. పగలు కూడా అక్కడ మీరు అతిథి. దుప్పి అడ్డొస్తే 142 కిలోల బండి దాన్నీ ఆపలేదు, మిమ్మల్నీ కాపాడలేదు. నిదానంగా అడవిని చూస్తూ వెళ్లాలనుకుంటే మాత్రం బంగారం లాంటి దారి. సిద్ధవటం నుంచి బద్వేలు వైపు లంకమల అంచున చీకటి పడ్డాక తిరగొద్దు. ఎర్రచందనం తనిఖీల్లో నలుగురు కుర్రాళ్లు నాలుగు బండ్ల మీద కనిపిస్తే ఏమనుకుంటారో ఊహించుకోండి.

హార్సిలీ హిల్స్ గురించి ఎవరో ఒకరు తప్పకుండా చెప్పి ఉంటారు. దాదాపు 1,265 మీటర్ల ఎత్తు, పైన చల్లగా ఉంటుంది. కానీ ఆ ఘాట్ ఇరుకు. శని ఆదివారాల్లో, కొండ రోడ్డు అలవాటు లేనివాళ్లు కార్లు తోలుకుని రోడ్డు మధ్యలో వస్తుంటారు. వారం మధ్యలో సెలవు దొరికితే పొద్దున్నే వెళ్లండి. జమ్మలమడుగు నుంచి గండికోట పదిహేను కిలోమీటర్లు, చిన్నదే. కొత్త టైరు వేయించాక మొదటి వంద కిలోమీటర్లలో పైపొర నున్నదనం పోగొట్టడానికి పనికొస్తుంది, అంతకుమించి ఆశించొద్దు.

కొత్త రోడ్డుకు మొదటిసారి వెళ్లినప్పుడు వేగం మాటెత్తొద్దు. 40 దాటకుండా ఒకసారి ఎక్కి, ఒకసారి దిగండి. అదే రోడ్డు దిగేటప్పుడు వేరే రోడ్డు. బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, అదే వేగానికి బ్రేకు దూరం పెరుగుతుంది. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కారో దిగేటప్పుడూ అదే గేరు. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దించే అలవాటు మీ గుంపులో ఎవరికైనా ఉంటే ఆ పూటే మాన్పించండి. గుంతలు, కల్వర్టులు, ఇసుక, ఊరి మొదట్లో గుర్తు వేయని స్పీడ్ బ్రేకర్లు ఎక్కడున్నాయో చూసుకోండి. దగ్గరి ఆసుపత్రి ఏ ఊళ్లో ఉంది, 108కి చేయడానికి సిగ్నల్ ఎక్కడ అందుతుంది అన్నవి కూడా ఆ మొదటి రోజే తెలుసుకోవాలి. రెండో విడతలోనే కాస్త సాగనివ్వాలి. అప్పుడైనా విభజన లేని రోడ్డు మీద ద్విచక్ర వాహనానికి కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి 60 అని గుర్తుంచుకోండి. మీరు నేర్చుకోవాల్సినదంతా ఆ 60 లోపలే ఉంది.

మలుపులో ఎక్కడ ఉండాలన్నది చిన్న సంగతిలా కనిపిస్తుంది, ప్రాణాలు తీసేది అదే. కుడి మలుపులో చక్రాలు మధ్య గీతకు ఇవతలే ఉన్నా, వాలినప్పుడు మీ తల, భుజం గీత దాటి అవతలికి పోతాయి. ఎదురు లారీ వాటికి తగలొచ్చు. కాబట్టి కుడి మలుపులో మీ వరసకు ఎడమ సగంలోనే ఉండండి, అయితే అంచు కంకర మీదికి పోకుండా. ఎడమ మలుపులో దూరం కనిపించడానికి కొంచెం కుడికి జరగొచ్చు, కానీ గీతను తాకేంత కాదు. మలుపు మొదట్లోనే లోపలి అంచుకు అంటుకుపోవడం మానండి. తొందరగా లోపలికి దిగినవాణ్ని మలుపు చివర్లో బయటికి విసిరేస్తుంది. ఆలస్యంగా దిగండి, చివర కనిపించాక దిగండి.

వేళ కూడా రోడ్డులో భాగమే. మన దగ్గర ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో తారు కరిగి పైకి తేలుతుంది. నల్లగా మెరిసే చోట పట్టు ఉండదు. నైరుతి వానలు పోయాక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు, ఆ రోజుల్లో కల్వర్టుల సంగతి చెప్పాను. కోతల కాలంలో పల్లెల దగ్గర రోడ్డే కళ్లం. సెనక్కాయ కట్టె, కొర్రలు, కందులు తారు మీదే ఆరబోస్తారు. గింజల మీద టైరు పడితే గోలీల మీద పడ్డట్టే. మబ్బుతోనే బయల్దేరి ఎండెక్కే లోపు, తొమ్మిదింటికల్లా తిరుగు దారి పట్టడం మంచిది. జీవాలను మేతకు తోలుకుపోయే వేళ కూడా అదే కాబట్టి ఊరి దగ్గర మలుపుల్లో తగ్గండి.

బండి తయారీ మీ ఉత్తరంలో సరిగానే రాశారు, ఒక్కచోట తప్ప. పట్టు పెరుగుతుందని గాలి 22కి తగ్గించుకోమని చెప్పినవాళ్ల మాట వినొద్దు. ట్రాక్ మీద వేడెక్కే టైరుకు పనికొచ్చే చిట్కా అది. రోడ్డు మీద టైరు గోడలు ఊగుతాయి, గుంతలో రిమ్ము దెబ్బతింటుంది. బండి మీద అంటించిన స్టిక్కరులో ఎంతుందో అంతే, చల్లగా ఉన్నప్పుడే చూసుకోండి. చైను కిందామీదా ఆడే దూరం బండి పుస్తకంలో ఎంత ఉందో అంతే ఉంచండి, బిగించేస్తే వెనక సస్పెన్షన్ దిగినప్పుడు లాగేస్తుంది. బ్రేకు ద్రవం రెండేళ్లకోసారి మార్చాలి, మీది ఇంకా పది నెలలు ఆగొచ్చు.

ఇప్పుడు స్నేహితులు. మూడు దారులున్నాయి మీకు. గుంపులోనే ఉండి పద్ధతి మార్చడం మొదటిది. అలాగైతే నలుగురికి మించొద్దు. అందరికంటే కొత్తవాడు రెండో స్థానంలో ఉండాలి, చివర్న కాదు. చివర్న ఉన్నవాడు అందుకోవాలని ఆత్రపడి పడిపోతాడు. మలుపుల్లో ఒకరి వెనక ఒకరు, మధ్య రెండు మూడు సెకన్ల దూరం, ఓవర్‌టేక్ లేదు. విడిపోతే కూడలి దగ్గర ఆగి కలుసుకోవాలి. దీనికి ఒప్పుకోకపోతే, "నాకు మలుపుల్లో పట్టు దొరకలేదు, నేను నిదానంగా వస్తా" అని బయటికే అనేయండి. ఆ మాట అన్నాక ఎవరు మీతో పాటు నిదానిస్తారో తెలిసిపోతుంది. మిగిలినవాళ్లతో కోవా దుకాణం దగ్గర కలిస్తే చాలు. ఇంకొకటి: వీడియో తీసి టైమింగు పోటీ పెట్టుకుంటే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద అది రోడ్డు మీద రేసే. జరిమానా 5,000 దాకా, జైలుకూ వీలుంది. సాక్ష్యం మీరే అప్‌లోడ్ చేసి ఉంటారు.

ఒకరిద్దరితో, ఎంచుకున్న రోడ్లలో, సొంత వేగంతో తిరగడం రెండో దారి. దీనివల్ల నేర్పు త్వరగా వస్తుంది, కానీ పడితే చూసేవాళ్లు తక్కువ. ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లాల్సిందే.

మూడోది ట్రాక్. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల సర్క్యూట్ ఉంది. అక్కడ శిక్షణ రోజులు పెడుతుంటారు. ఎదురు లారీ లేదు, కల్వర్టు లేదు, పడితే పక్కనే అంబులెన్సు. మీ టైరు అంచులు నిజంగా అరగాల్సిన చోటు అదే. అయితే ఖర్చు లెక్క సరిగా వేసుకోండి. ప్రవేశ రుసుము, తోలు సూటు అద్దె, టైర్లు, రానూపోనూ ప్రయాణం ఉంటాయి. మామూలు వాహన బీమా రేసుకూ, వేగ పరీక్షలకూ వర్తించదని పాలసీలోనే రాసి ఉంటుంది. అక్కడ పడితే బండి ఖర్చంతా మీదే, విరిగిన బండిని కడపకు తేవడమూ మీదే. ఇరవై రెండు కంతులున్న మనిషి ఇది ఏడాది ఆగి చేసినా ఏమీ కొంప మునగదు.

బండి అమ్మడం కూడా దారే, దాన్ని తీసిపారేయొద్దు. బ్యాంకు అప్పు తీర్చి, నిరభ్యంతర పత్రం, 35వ ఫారం తెచ్చుకుంటేనే ఆర్‌సీ మీద హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు) పోతుంది. ఆ తర్వాతే 29, 30 ఫారాలతో పేరు మారుతుంది. పద్నాలుగు నెలల బండికి వచ్చే ధరలోంచి మిగిలిన అప్పు తీసేస్తే చేతికి పెద్దగా ఏమీ రాకపోవచ్చు. స్కూటీ కొన్నా మలుపు భయం అలాగే ఉంటుంది, ఇంకా చిన్న చక్రాలతో. అయితే మీ స్నేహితుడు పడ్డప్పటి నుంచి బండి తీయాలంటేనే చేతులు వణుకుతుంటే, అమ్మకపోయినా రెండు నెలలు కవరు కప్పి ఉంచండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నాయన దగ్గరికి వద్దాం. ఆయన కోపానికి ఉత్తరంలో మీరు రాసిన కారణం పాతకాలపు మనిషి అని. అలా అనిపించడం లేదు. నలభై మందిని ఎక్కించుకుని అదే ఘాట్ మీద ఇరవై ఏళ్లు బస్సు నడిపిన మనిషికి ఏ మలుపు దగ్గర లారీ రోడ్డంతా తీసుకుంటుందో, ఏ మలుపులో నీళ్లు కారతాయో, ఏ వేళకు ఎదురు ఎండ కళ్లలో పడుతుందో కంఠతా వచ్చి ఉంటుంది. కొడుకు స్నేహితుడు పడ్డ మలుపు ఆయనకు పేరుతో తెలిసి ఉండొచ్చు. ఆయన భయం మీ భయం లాంటిదే, మీకంటే ఎక్కువ తెలిసి పడుతున్నది. "బండి అమ్మను" అని పోట్లాడితే మాటలు రావు. "ఆ మలుపు దగ్గర నువ్వెట్లా దించేవాడివి నాయనా, ఏ గేరులో" అని అడిగి చూడండి. జవాబు ముక్కసరిగా వచ్చినా వినండి. వీలైతే ఇద్దరూ ఒకసారి రాయచోటి బస్సెక్కి ముందు సీట్లో కూర్చోండి. డ్రైవరు ఎక్కడ హారన్ కొడుతున్నాడో, ఎక్కడ ముందే గేరు మారుస్తున్నాడో అంత ఎత్తు నుంచి చూస్తే, బండి మీద ఎనిమిది నెలల్లో కనిపించనివి కనిపిస్తాయి. ఆయన అప్పటికీ అమ్మమనే అంటే, గువ్వలచెరువు ఘాట్‌కు గుంపుతో వెళ్లనని, వెళ్లే ప్రతిసారీ దారీ తిరిగొచ్చే వేళా చెప్తానని, మూడు నెలలు చూడమని అడగొచ్చు. మాటిస్తే మాత్రం తప్పొద్దు. ఒక్క ఆదివారం తప్పినా ఆ తర్వాత ఏం చెప్పినా నమ్మరు.

టైరు ప్రశ్న మిగిలింది. 150 వద్దు. మీ రిమ్ము వెడల్పు 140/70కి సరిపోయేలా చేసింది. దాని మీద వెడల్పు టైరు ఎక్కిస్తే అంచులు లోపలికి నొక్కుకుని టైరు మధ్యలో గుబ్బలా లేస్తుంది. వాలినప్పుడు నేలకు ఆనే రబ్బరు పెరగడం మాట అటుంచి, బండి బరువుగా, ఆలస్యంగా తిరుగుతుంది. చైనుకు రాసుకునే ప్రమాదమూ ఉంది. ఇప్పుడున్న టైరు మీద అచ్చువేసిన నాలుగంకెల తేదీ చూడండి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. ఐదేళ్లు దాటకపోయి, మధ్య గాడుల లోతు రెండు మిల్లీమీటర్లకు పైన ఉంటే అదే సైజుతో తిరగండి. అరిగాక కూడా 140 రేడియలే వేయించండి, ముందు వెనకా ఒకే కంపెనీవి.